నేల మీది నుంచి లేవడం: మా రీహాబ్ విభాగం పరిశోధన డైరీ

జూన్ 12

కాలేజీ ఆఫీసు నుంచి మళ్లీ ఆ ఫారమే వచ్చింది. "గత విద్యా సంవత్సరంలో మీ విభాగం చేపట్టిన పరిశోధనలు, సిబ్బంది సాధించిన విజయాలు" అని పైన, కింద పది గళ్లు. మేం నింపగలిగినవి రెండు. రెండూ పీజీల థీసిస్‌లే. థీసిస్ అంటే పరీక్షకు కూర్చోవడానికి రాసేది, బైండు చేయించాక బీరువాలోకి వెళ్లేది. మిగతా ఎనిమిది గళ్లలో గీతలు కొట్టాను. విజయాల దగ్గర ఏం రాయాలో తోచక, వైకల్య ధ్రువపత్రాలిచ్చే "సదరం శిబిరాలు సకాలంలో నిర్వహించడమైనది" అని రాశాను. అబద్ధం కాదు. విజయమూ కాదు.

ఈ డైరీ మొదలుపెట్టడానికి ఆ ఫారం ఒక కారణం. అసలు కారణం మధ్యాహ్నం ఓపీలో ఎదురైంది. పక్షవాతం వచ్చి ఐదు నెలలైన రైతు ఒకాయన, వెంట భార్య. ఎడమ పక్క పడిపోయింది, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో చెప్పే బార్తెల్ స్కోరును మా పీజీ అమ్మాయి వేసి, "తొంభై, మేడం" అంది సంతోషంగా. ఆ భార్య మా మొహాలు మార్చి మార్చి చూసి, "తొంభై మార్కులంటున్నారు గానీ అమ్మా, అన్నానికి నేల మీద కూర్చుంటే ఈయన లేవలేరు. నేనూ మా అబ్బాయీ చెరో రెక్కా పట్టుకుని లేపాలి. దొడ్డికి వెళ్లినా అదే తంతు" అంది.

పీజీ వేసిన మార్కులు తప్పు కాదు. మా వార్డులో ఉన్నది కుర్చీలాంటి కమోడు. దాని మీద ఆయనకు ఎవరి సాయమూ అక్కర్లేదు. బార్తెల్ స్కేలు 1965లో అమెరికాలో అచ్చయింది. తిండి, స్నానం, బట్టలు, మెట్లు అంటూ పది అంశాలు, మొత్తం వంద మార్కులు. మంచం మీది నుంచి కుర్చీలోకి మారడం అందులో ఉంది. నేల మీది నుంచి లేవడం లేదు. దాన్ని తయారుచేసిన మహోనీ, బార్తెల్‌లను అనడానికేమీ లేదు, వాళ్ల రోగులు నేల మీద కూర్చుని అన్నం తినరు. మన రోగులు తింటారు. అరవై ఏళ్లుగా ఆ స్కేలు పట్టుకుని మనవాళ్లకు మార్కులు వేస్తూ, నేల సంగతి అడగని మమ్మల్నే అనాలి.

జూన్ 20

మొదటి సమావేశం. టీ, ఉప్మా నా ఖర్చు. హెచ్‌ఓడీ గారు, నేను, ఇద్దరు పీజీలు, ముగ్గురు ఫిజియోథెరపిస్టులు, హెడ్ సిస్టర్, ఆర్థోటిక్ వర్క్‌షాపు టెక్నీషియన్. ఆయన్ను వార్డంతా "బూట్ల సారు" అంటుంది. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే క్యాలిపర్లు, స్ప్లింట్లు చేస్తున్నారు. డిపార్ట్‌మెంట్ సమావేశానికి పిలవడం ఇదే మొదటిసారి అని ఆయనే చెప్పారు. నాకు సిగ్గేసింది.

ప్రశ్న ఒక్కటే పెట్టుకున్నాం: పక్షవాతం వచ్చిన మనిషి నేల మీద కూర్చుని లేవగలడా లేదా అన్నది నమ్మదగిన పద్ధతిలో కొలవగలమా? ఏ చికిత్స గొప్పదో తేల్చే పని కాదు. కొలత మాత్రమే.

సీనియర్ ఫిజియో గారి మొదటి మాట: "మేడం, మంగళవారం మాత్రం పెట్టుకోవద్దు." మంగళవారం సదరం. పొద్దున ఏడింటికే మీసేవ స్లాటు కాగితాలతో వరండా నిండిపోతుంది. 40 శాతం వస్తే పింఛను, 39 వస్తే ఏడుపు. ఆ రోజు ఇంకో పని తలపెట్టేంత ధైర్యం ఎవరికీ లేదు. గురువారం, శనివారం మధ్యాహ్నాలు ఖాయం చేశాం.

హెడ్ సిస్టర్ ఒక నియమం పెట్టారు: "చూడనిది రాయకూడదు. గడి ఖాళీగా ఉంటే ఉండనివ్వండి." వార్డులో బీపీ చార్టులు ఒకే చేత్తో, ఒకే పెన్నుతో రాత్రంతా నిండిపోవడం ఆవిడ ఎన్నిసార్లు చూశారో! నియమం ఏకగ్రీవం.

జూలై 4

నేరుగా నేల దగ్గరకు వెళ్లే ముందు, మేం రోజూ చేసే కొలతల్లో మా చేతులు ఎంత కలుస్తాయో చూద్దామనుకున్నాం. మోడిఫైడ్ యాష్‌వర్త్ స్కేలు తీసుకున్నాం. బిగుసుకున్న చేతిని మోచేతి దగ్గర సాచి, ఎంత అడ్డుకుంటోందో 0 నుంచి 4 దాకా వేయాలి. 1964 నాటి స్కేలుకు 1987లో బొహానన్, స్మిత్ అనే ఇద్దరు "1+" అనే మెట్టు కలిపారు. ప్రపంచమంతా వాడుతున్నది అదే.

ఒక్కో రోగిని ముగ్గురు చూశారు, ఒకరి మార్కు ఒకరికి తెలియకుండా. కాగితాలు విప్పితే, ఒకే చేతికి ఒకరు 3, ఒకరు 1+, ఒకరు 2. మార్కులు ఎంత కలిశాయో చెప్పే కప్పా లెక్క వేస్తే పుస్తకాలు "మధ్యస్థం" అని పిలిచే గీతకు కిందే ఉండిపోయాం. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇన్నేళ్లుగా కేస్ షీట్లలో "స్పాస్టిసిటీ (కండరాల బిగువు) తగ్గింది" అని రాస్తూ వచ్చినవాళ్లం.

జూలై 11

వారమంతా కారణం వెతికాం. మూడు దొరికాయి.

మొదటిది, వరస. మొదట చూసిన ఫిజియో చేతిని నాలుగుసార్లు సాచారు, నిర్ధారణ కోసం. సాచేకొద్దీ బిగువు తగ్గుతుంది. రెండో మనిషికి అందింది అప్పటికే మెత్తబడ్డ చెయ్యి, మూడో మనిషికి ఇంకా మెత్తనిది. మేం కొలుస్తూ కొలుస్తూనే కొలిచేదాన్ని మార్చేశాం.

రెండోది, మాత్ర. రోగుల్లో ఇద్దరు బిగువు తగ్గించే బాక్లోఫెన్ వేసుకుంటున్నారు. ఒకరిని మాత్రకు ముందు ఒకరు చూశారు, మాత్ర పడి గంట దాటాక ఇంకొకరు చూశారు. పట్టుకున్నది వార్డు సిస్టర్. మందుల చార్టు తెచ్చి బల్ల మీద పెట్టి, "డాక్టర్లు దీన్ని చూడరు కదా" అన్నారు నవ్వుతూ.

మూడోది, వేగం. చేతిని ఒక్క సెకనులో సాచాలి. గబుక్కున లాగితే ఎక్కువ బిగుస్తుంది, మెల్లగా లాగితే ఏమీ తెలియదు. సెకను అంటే ఎంత? ఫోన్ వీడియో తీసి చూస్తే ఒకరి సెకను అర సెకను, ఇంకొకరిది రెండు. జూనియర్ ఫిజియో ఒక ఉపాయం చెప్పాడు: అందరూ మనసులో "వేంకటరమణా" అనుకుంటూ సాచాలి, "వేం" దగ్గర మొదలు, "ణా" దగ్గర ఆఖరు. నవ్వాం. గడియారం పెట్టి పదిసార్లు అనిపించి చూశాం. దాదాపు సెకనే. పద్ధతి కాగితంలో అలాగే రాశాం. మా రెండో పీజీ పేరు జోసెఫ్ అయినా వేంకటరమణుడికి అభ్యంతరం చెప్పలేదు.

మళ్లీ చేశాం. ఒక్కసారే సాచడం, మాత్ర వేళ చూసుకోవడం, సెకను పాటించడం. మార్కులు పూర్తిగా కలవలేదు. 1కీ 1+కీ మధ్య తగవు ఇంకా ఉంది. ఆ తగవు ప్రపంచంలో అందరికీ ఉందని చదివాను. కానీ 3కీ 1+కీ మధ్య మాత్రం ఇక లేదు. నా దృష్టిలో ఈ ఏడాది మా మొదటి విజయం ఇదే. కాలేజీ ఫారంలో దీనికి గడి లేదు.

జూలై 25

పీజీ అమ్మాయి పిడుగులాంటి వార్త తెచ్చింది. నేల మీద కూర్చుని లేవడాన్ని బ్రెజిల్‌లో ఎప్పుడో కొలిచారు. క్లాడియో జిల్ అరౌజో అనే వైద్యుడి బృందం 51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 2,002 మందిని పరీక్షించింది. కూర్చోవడానికి 5, లేవడానికి 5 మార్కులు. చెయ్యో మోకాలో ఆనిస్తే ఒక మార్కు కోత, తూలితే అర మార్కు. తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువని 2012లో ప్రకటించారు.

"మన ఐడియా పోయినట్లేనా మేడం?" అంది దిగులుగా. పోలేదు. వాళ్లు చూసింది నడక బాగానే ఉన్నవాళ్లను. ఒక పక్క పడిపోయిన మనిషి చెయ్యి ఆనించకుండా లేవడం ఎలాగూ కుదరదు. ఆ లెక్కన మా రోగులందరికీ సున్నా చుట్టూనే వస్తుంది. మాకు కావలసింది సున్నాకూ సున్నాకూ మధ్య తేడా. ఒకరు కుర్చీ పట్టుకుని లేస్తారు, ఒకరు భార్య భుజం పట్టుకుని లేస్తారు, ఒకరు లేవరు. ఇంట్లోవాళ్లకు ఆ తేడాయే ముఖ్యం.

ముందే వెతకాల్సింది. ఇకపై ఏ ఆలోచన వచ్చినా మొదటి వారం లైబ్రరీకే.

ఆగస్టు 8

జర్నల్ క్లబ్. అటెండ్ అధ్యయనం చదివాం. 2017లో లాన్సెట్‌లో వచ్చింది. మన దేశంలోనే 14 ఆస్పత్రులు, 1,250 మంది పక్షవాత రోగులు. సగం మందికి మామూలు వైద్యంతోపాటు కుటుంబ సభ్యులకు ఇంట్లో వ్యాయామం చేయించడం నేర్పారు. మిగతా సగానికి మామూలు వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే, చనిపోయినవారు, ఇతరులపై ఆధారపడి ఉన్నవారు కలిపి ఇటూ 47 శాతం, అటూ 47 శాతం. తేడా లేదు.

సీనియర్ ఫిజియో గారి మొహం వాడిపోయింది. రోజూ భార్యలకు, కొడుకులకు వ్యాయామాలు నేర్పేది ఆయనే. "అయితే నేను చేస్తున్నదంతా దండగేనా?" అన్నారు. గంటసేపు వాదించుకున్నాం. నా అభిప్రాయం చెప్పాను: ఆ అధ్యయనం కుటుంబం పనికిరాదని చెప్పలేదు. ఫిజియో చేయాల్సిన పనిని ఇంటివాళ్ల మీదకు తోసేస్తే చాలు, డబ్బు ఆదా అవుతుందన్న ఆశకు ఆధారం దొరకలేదని చెప్పింది. ఆ మాట చెప్పడానికి 1,250 మంది కావలసి వచ్చింది. తేడా లేదన్న ఫలితాన్ని దాచకుండా అచ్చు వేసినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. ఫిజియో గారికి పెరగలేదు. టీ తాగకుండా వెళ్లిపోయారు.

ఆగస్టు 29

ఎథిక్స్ కమిటీ. రెండే ప్రశ్నలు, రెండూ మంచివి.

"లేస్తూ పడిపోతే?" దీనికి సిద్ధంగానే ఉన్నాం. నడుముకు పట్టీ, పక్కన ఫిజియో, చేతికి అందేంత దూరంలో గోడకు ఆనించిన కుర్చీ, కింద పరుపు. గుండె జబ్బు, మోకీళ్ల నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లను తీసుకోం.

రెండోది అంగీకార పత్రం గురించి. కమిటీలో వైద్యులు కాని సభ్యురాలు ఒకరు మా తెలుగు కాగితాన్ని పైకి చదివారు: "ఈ పరిశోధనయందు పాల్గొనుట పూర్తిగా స్వచ్ఛందము మరియు మీరు ఎప్పుడైననూ ఉపసంహరించుకొనవచ్చును." చదివి కళ్లద్దాలు తీసి, "ఇది మీ రోగికి అర్థమవుతుందా డాక్టరుగారూ? నాకే అర్థం కాలేదు" అన్నారు. తల దించుకున్నాను. ఆ వాక్యం పాత థీసిస్‌లోంచి ఎత్తి రాసిందే. దానికి ముందు థీసిస్‌లోనూ అదే ఉంది.

రాత్రి కూర్చుని తిరగరాశాను: "ఇందులో చేరడం, చేరకపోవడం మీ ఇష్టం. చేరిన తర్వాత వద్దనుకుంటే మానేయవచ్చు. మానేసినా మీ వైద్యం ఆగదు. మీకు కొత్త మందు ఏదీ ఇవ్వం. నేల మీద కూర్చుని లేవమంటాం, ఎంతసేపు పట్టిందో రాసుకుంటాం." మర్నాడు ఓపీలో ఉన్న మొదటి ముగ్గురికి చదివి వినిపించాను. ఇద్దరు వెంటనే తలూపారు. మూడో ఆయన "పరిశోధన అంటే రక్తం తీస్తారా?" అన్నాడు. ఇంకో వాక్యం కలిపాను: "రక్తం తీయం."

చదవడం రానివాళ్ల దగ్గర వేలిముద్ర ఒక్కటే సరిపోదు. మాతో సంబంధం లేని సాక్షి ఎదుట కాగితం చదివి వినిపించాలి. ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో అలా ఉంది. క్యాంటీన్ అన్న, మందుల కౌంటర్ దగ్గర వేచి ఉన్నవాళ్లు మా సాక్షులయ్యారు.

సెప్టెంబరు 19

సీటీఆర్‌ఐ నమోదు. క్లినికల్ ట్రయల్స్ నమోదుకు ఉన్న జాతీయ రిజిస్టరు ఇది. 2018 ఏప్రిల్ 1 నుంచి క్లినికల్ ట్రయల్ ఏదైనా మొదలుకాక ముందే ఇందులో చేర్చాలి. మాది ట్రయల్ కాదు, అయినా ముందే నమోదు చేశాం. తర్వాత మనసు మార్చుకుని లెక్కలు తిప్పకుండా ఉండడానికి అదొక కళ్లెం. రెండుసార్లు ప్రశ్నలు వచ్చాయి, రెండుసార్లు జవాబిచ్చాం, నంబరు వచ్చింది.

అక్టోబరు 10

మొదటి రోగి. జూన్‌లో వచ్చిన ఆ రైతునే మొదట పిలిచాం.

చాప పరిచాం. కుర్చీ ఎడమ పక్కన పెట్టబోతే హెడ్ సిస్టర్ ఆపారు: బాగున్న చెయ్యి కుడిది కదా, కుర్చీ కుడిపక్క ఉండాలి. మా పద్ధతి కాగితంలో "పక్కన" అని మాత్రమే ఉంది. దిద్దుకున్నాం. ఆయన బాగున్న కాలి మీద బరువు వేసి, కుర్చీ అంచు పట్టుకుని మెల్లగా దిగాడు. చివరి జానెడు మాత్రం దభీమని కూలబడ్డాడు. కాసేపు బాసింపట్టు వేసుకుందామని చూశాడు. ఎడమ కాలు మడవడం లేదు, చేత్తో పట్టి లోపలికి లాక్కున్నాడు. "ఇక లేవండి" అన్నాం.

మొదట ముందుకు ఊగాడు, రెండుసార్లు. లాభం లేదు. తర్వాత కుడి మోకాలి మీదకు తిరిగి, కుర్చీ పీట మీద మోచెయ్యి ఆనించాడు. ఎడమ పాదం చాప మీద జారుతోంది. వేళ్లు లోపలికి ముడుచుకుని మడమ గాల్లో ఉంది. ఆ మడమ నేలకు ఆనితే లేచేవాడే. ఫిజియో నడుము పట్టీ పట్టుకుని ఉన్నారు కానీ లాగలేదు, లాగకూడదని నియమం. మూడో ప్రయత్నంలో పిర్రలు గాల్లోకి లేచాయి, ఒక క్షణం ఆగాయి, మళ్లీ చాప మీదకే.

"లేవలేదు" అన్న గడిలో టిక్కు పెట్టాం. ఆయన చెమట తుడుచుకుంటూ, "నా వల్ల మీకు మార్కు పోయిందా అమ్మా?" అన్నాడు.

గది మూల నుంచి బూట్ల సారు మాత్రం ఆ మడమనే చూస్తున్నారు.

నవంబరు 7

ఇళ్లకు వెళ్లి చూడాలన్నది సీనియర్ ఫిజియో గారి పట్టు. శనివారం ఆయన మోటారు సైకిల్ మీద వెనక పీజీ. నాలుగు ఇళ్లు చూశారు. మేం ఇచ్చిన కాలి స్ప్లింట్ ఒక ఇంట్లో మంచం కింద, ఒక ఇంట్లో మేకుకు వేలాడుతూ, ఒక ఇంట్లో కనిపించలేదు. నాలుగో ఇంట్లో వాడుతున్నారు, ఆస్పత్రికి వచ్చే రోజు మాత్రం.

కారణాలు అడిగి రాసుకొచ్చారు. బూటుతో వంటింట్లోకి, దేవుడి గదిలోకి ఎలా వెళ్తాం? చెప్పు లేకుండా వేసుకుంటే గచ్చు మీద జారుతోంది. వేసుకుని కూర్చోలేం, కూర్చోవాలంటే విప్పాలి, విప్పితే మళ్లీ ఒంటిచేత్తో కట్టుకోలేం. ప్రతి కేస్ షీటులోనూ మేం రాసింది ఒక్కటే: "ఏఎఫ్‌ఓ ఇవ్వడమైనది." అంటే ఆ కాలి స్ప్లింటే.

నవంబరు 21

ఒకామెకు లేస్తూండగా మోకాలు వంగిపోయింది. ఫిజియో పట్టీ పట్టుకుని నెమ్మదిగా పరుపు మీదకు దించారు. దెబ్బేమీ తగల్లేదు. కమిటీకి ఉత్తరం రాశాం. మూడు ప్రయత్నాల తర్వాత ఆపేయాలి అన్నదాన్ని రెండుకు తగ్గించాం. ఆమె మాత్రం మూడోది కూడా చేస్తానని పట్టుబట్టింది.

డిసెంబరు 12

ఇవాళ్టి దినం బూట్ల సారుది.

మేమిచ్చే స్ప్లింట్ గట్టిది. కాలికి పట్టీ చుట్టి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి కాలి బొమ్మ చేస్తారు. పాలీప్రొపిలీన్ రేకును పొయ్యిలో మెత్తబరిచి ఆ బొమ్మ మీద కప్పి, గాలి లాగేసి అతికిస్తారు. చల్లారాక కోస్తారు. పాదం కిందకు వేలాడకుండా అది ఆపుతుంది. కానీ చీలమండను పైకి వంగకుండా కూడా ఆపుతుంది. గొంతుకు కూర్చోవాలన్నా, నేల మీది నుంచి లేవాలన్నా ముడుకు పాదం కంటే ముందుకు రావాలి, అంటే చీలమండ వంగాలి. గట్టి స్ప్లింట్‌తో అది జరగదు.

కీలు ఉన్న స్ప్లింట్లు కొత్త కాదు. పెద్ద కంపెనీల కీళ్లు మా ఇండెంట్‌కు అందవు. సారు రెండు నెలలుగా సాయంత్రాలు వర్క్‌షాపులో ఉండి, మిగిలిపోయిన రేకు ముక్కలతో కీలు తయారుచేశారు. వెనకవైపు ఒక చిన్న అడ్డుకట్ట, పాదం కిందకు జారకుండా. ముందుకు మాత్రం స్వేచ్ఛ. అడుగున పాత టైరు ట్యూబు ముక్క అంటించారు, గచ్చు మీద జారకుండా. పట్టీలను ఒంటిచేత్తో లాగితే బిగిసేలా ఒక వలయంలోంచి తిప్పారు. నాలుగింటి జాబితా ఉందిగా, ఒక్కొక్కటే తీసుకుని జవాబు చెప్పినట్లుంది. దేవుడి గది ఒక్కటి మిగిలింది. "దానికి ఇంకొక జత చేసి, అది ఇంట్లోకే అని చెబుదాం మేడం, బయట తిరగని దానికి మైలేముంది?" అన్నారు.

జైపూర్ కాలు గుర్తొచ్చింది. 1968 ప్రాంతంలో జైపూర్ ఎస్‌ఎంఎస్ ఆస్పత్రిలో సర్జన్ ప్రమోద్ కరణ్ సేథీ, పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ కలిసి రబ్బరు పాదం చేశారు. విదేశీ కృత్రిమ కాలు బూటు లేకుండా పనికిరాదు, దానితో గొంతుకు కూర్చోలేరు, పొలం గట్టు మీద నడవలేరు. వాళ్లిద్దరూ మొదలుపెట్టింది ఆ ఫిర్యాదు దగ్గరే. 1981లో మెగసెసే అవార్డు సేథీకి వచ్చింది. శర్మ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? నేనూ పీజీ చదివేటప్పుడు పరీక్షలో సేథీ పేరే రాశాను.

జనవరి 18

సంక్రాంతికి రోగులందరూ ఊళ్లకు. రెండు వారాలుగా కొత్తగా ఎవరూ చేరలేదు. వార్డులో పతంగులు తెగి కిటికీకి చిక్కుకుని ఉన్నాయి. ఆ ఖాళీలో పీజీలిద్దరూ, నేనూ పరిశోధన పద్ధతుల ఆన్‌లైన్ కోర్సు పరీక్షకు చదివాం. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నడిపేది. ఈ వయసులో హాల్ టికెట్ పట్టుకుని వరుసలో నిలబడడం వింతగా ఉంది. ముగ్గురం గట్టెక్కాం. నా మార్కులు పీజీల కన్నా తక్కువ. ఇది డైరీ కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 20

జూనియర్ ఫిజియో రాష్ట్ర స్థాయి సదస్సులో పోస్టర్ పెట్టాడు, యాష్‌వర్త్ కథ, వేంకటరమణతో సహా. ఇంతకు ముందు మా ఫిజియోలు సదస్సుకు వెళ్తే బ్యాగు, భోజనం కూపన్ తెచ్చుకునేవారు. ఈసారి ప్రశ్నలు తెచ్చుకున్నాడు. ఒక పెద్దాయన "ఎండాకాలం, చలికాలం తేడా చూశారా?" అని అడిగారట. చూడలేదు. తిరుగు బస్సులో నుంచే ఫోన్ చేశాడు, అది చూద్దామని. బహుమతి రాలేదు. బహుమతి వచ్చి ఆ ఫోను రాకపోతే నాకు ఇంత సంతోషం ఉండేది కాదు.

మార్చి 14

చేదు దినం.

పేపరు రాయడం పూర్తవుతోంది. రచయితల వరస తేల్చాలి. మొదటి పేరు పీజీ అమ్మాయిది, అందులో తగవు లేదు. తర్వాత? పదోన్నతికి ప్రచురణలు కావాలి, అందులోనూ పేరు ముందు వరసలో ఉండాలి. మా అసిస్టెంట్ ప్రొఫెసర్ న్యాయంగానే తన పేరు ముందుండాలన్నాడు. సీనియర్ ఫిజియో నోరు విప్పలేదు, కానీ మౌనం మోగుతూనే ఉంది. ఇంతలో వేరే విభాగం మిత్రుడొకరు ఫోన్ చేసి, ఇంటర్వ్యూ దగ్గర పడింది, తన పేరూ ఒకటి తగిలించమన్నారు. ఆయన మా చాప కూడా చూడలేదు. కుదరదన్నాను. "ఇన్నాళ్ల స్నేహం" అన్నారు. స్నేహమే, అందుకే నేరుగా చెప్పానన్నాను. ఫోన్ పెట్టేశారు.

వైద్య పత్రికల సంపాదకుల సంఘం నాలుగు షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ భాగం ఉండాలి, రాతలో గానీ దిద్దడంలో గానీ పాలు ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, తప్పు వస్తే జవాబు చెప్పడానికి సిద్ధపడాలి. నాలుగూ ఉండాలి. బూట్ల సారు పేరు పెడదామంటే ఒకరు అన్నారు: "ఆయనకు ఇంగ్లీషు రాదు, రెండో షరతు ఎలా తీరుతుంది?"

సాయంత్రం వర్క్‌షాపుకు వెళ్లి పేపరంతా తెలుగులో చెప్పాను, వాక్యం వాక్యం. ప్లాస్టర్ దుమ్ములో స్టూలు మీద కూర్చుని విన్నారు. రెండు చోట్ల ఆపారు. "కీలు చీలమండ ఎముకకు సరిగ్గా ఎదురుగా ఉందని రాశారు. కాదు మేడం, కొంచెం వెనక్కి పెట్టాను, లేకపోతే ఒరుసుకుంటుంది." ఇంకోటి: "వాళ్లందరికీ కొత్త స్ప్లింట్ ఇచ్చినట్లుంది మీ రాత. చివరి వాళ్లకే ఇచ్చాం. అది చెప్పకపోతే మోసం." రెండోది నిజంగా పెద్ద తప్పు. నాకు, ఇద్దరు పీజీలకు, హెచ్‌ఓడీ గారికి కనిపించనిది. రెండో షరతు తీరినట్లేనని నేను రాసుకున్నాను. ఆయన పేరు మూడోది. హెచ్‌ఓడీ గారు తన పేరును తానే కృతజ్ఞతల్లోకి మార్చమన్నారు. "నేను ఉప్మా తిన్నాను, అంతేగా" అన్నారు. నేను ఆయన్ను ఇన్నేళ్లూ తక్కువగా అంచనా వేశాను.

ఏప్రిల్ 17

తిరస్కరించారు. రెండు రోజుల్లో అచ్చు వేస్తాం, డబ్బు కట్టండి అనే పత్రికల మెయిళ్లు మాత్రం రోజుకు మూడు వస్తున్నాయి.

తిరస్కరించిన పత్రిక సమీక్షకుడు ఒక మాట అడిగాడు: నేల మీద కూర్చునే అలవాటు లేని దేశాల పాఠకులకు ఇదెందుకు? కోపం వచ్చింది. తర్వాత హెడ్ సిస్టర్ చదివి తేలిగ్గా అన్నారు: "నేల మీద కూర్చోని వాళ్లు నేల మీద పడరా?" పక్షవాతం వచ్చినవాళ్లు ఏ దేశంలోనైనా పడతారు. పడి లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోవడం పెద్ద ప్రమాదం. ఆ ముక్కను పేపరు మొదట్లోకి తెచ్చి, ఇంకో పత్రికకు పంపాం. కృతజ్ఞతల్లో ఉన్న ఆవిడ పేరు రచయితల్లోకి వచ్చింది.

జూన్ 5

సవరణలతో ఒప్పుకున్నారు. ప్రూఫు వచ్చింది. సారు పేరు తిరగబడింది. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఆ ఇంగ్లీషు ఫారంతో ఎప్పుడూ ఇదే గొడవ. ఆయన ఇంటిపేరు పొడి అక్షరమైపోయింది. దిద్ది పంపాను.

జూన్ 14

రైతు మళ్లీ వచ్చాడు. కీలున్న స్ప్లింట్ ఇచ్చి నాలుగు నెలలు. ఈసారి భార్య రాలేదు. ఒక్కడే బస్సెక్కి వచ్చాడు.

మేం కాగితాలు సర్దుకునేలోపే చెప్పులు విడిచి చాప దగ్గరకు వెళ్లాడు. కుర్చీ అంచు పట్టుకుని దిగాడు. చివరి జానెడు ఈసారి కూలబడలేదు. కుడి మోకాలి మీదకు తిరిగాడు, ఎడమ పాదం చాప మీద పెట్టాడు. టైరు ముక్క పట్టు ఇచ్చింది, మడమ ఆనింది, ముడుకు ముందుకొచ్చింది. ఒకసారి ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, లేచాడు. తూలాడు కొంచెం. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి మా వైపు చూశాడు.

ఎంత సమయం అని పీజీ అమ్మాయిని అడిగాను. ఆమె ఫోను వైపు చూసుకుంది, నా వైపు చూసింది. చూస్తూ ఉండిపోయి స్టాప్‌వాచ్ నొక్కలేదు.

"ఇంకోసారి కూర్చుంటారా బాబాయ్?" అంది.

"కాసేపాగు తల్లీ, ఆయాసం" అన్నాడు.

ఆయాసం తీరేలోపు ఆయన బస్సు వేళయింది. హెడ్ సిస్టర్ రిజిస్టరు ముందు పెట్టారు. "కుర్చీ సాయంతో లేచారు" దగ్గర టిక్కు. సమయం గడి ఖాళీ.